మద్దెల నిజంగానే ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు పెద్దలు. మరి మద్దెల నిజంగానే ఓడైతే?

మన హాస్టల్లో ఒక్కొక్కరికి కంప్యూటర్ దొరికేది అరగంట. పైథాన్ తెరవగానే మూడు బాణం గుర్తులతో కన్సోల్ వస్తుంది. ఆదేశం టైపు చేస్తే అప్పటికప్పుడే జవాబిస్తుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? కానీ మన కంప్యూటర్లలో ఉన్నది పాత వెర్షన్. పది వరుసల ఫంక్షన్ రాసి ఆరో వరుసలో తప్పు చేస్తే, ఆ వరుసలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ తెచ్చుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడికి అది విసుగు మాత్రమే. మనకైతే వంతే అయిపోతుంది. వెనక నిలబడ్డ తమ్ముడు "అన్నా, టైమైంది" అంటాడు. 'ఇది మన వల్ల కాదులే' అనుకుంటూ లేచిపోతాం.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. కొలంబియా దేశం నుంచి వెళ్లి అమెరికాలోని కొలరాడోలో భౌతికశాస్త్రం చదువుతున్న ఫెర్నాండో పెరెజ్ అనే పరిశోధక విద్యార్థి, ఉన్న కన్సోల్‌తో సరిపెట్టుకోలేక 2001లో సొంతంగా ఒకటి రాసుకున్నాడు. మొదట అది 259 వరుసలే. అదే ఐపైథాన్. అందులో పై బాణం నొక్కితే ఫంక్షన్ మొత్తం ఒకేసారి తిరిగొస్తుంది. ట్యాబ్ నొక్కితే సగం రాసిన పేరు పూర్తవుతుంది. పేరు చివర ప్రశ్నార్థకం పెడితే దాని వివరణ కనిపిస్తుంది. చివరికి 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో అసలు కన్సోల్‌నే మార్చేశారు. ఇప్పుడు అందులోనూ పలు వరుసల్ని కలిపి దిద్దుకోవచ్చు. అంటే లోపం నేర్చుకునేవాడిదొక్కడిదే కాదన్నమాట!

'పరీక్షలో పాతదే ఉంటే ఏం చేస్తారు?' అని కొందరు అడుగుతారు. నిజమే, పాతదీ తెలియాలి. కానీ రెండింటిలో రాసే భాష ఒక్కటే. ఇందులో నేర్చింది అందులోనూ పనికొస్తుంది.

దీనికి రూపాయి ఖర్చు లేదు. నెట్ ఉన్నచోట ఫైళ్లు దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించుకోవచ్చు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలారా! 'తమ్ముళ్లకు ఏం కావాలి?' అని మీరు ఏటా అడుగుతారు. ఈసారి ఒక్క పూట మాతో కంప్యూటర్ గదిలో కూర్చోండి. ఆ ఓటి మద్దెల మార్చాక కూడా ఆట రాకపోతే, అప్పుడు మమ్మల్ని అనండి.