విండో కొలత లెక్కింపక వ్రాయదగునా?

గడచిన ప్రదర్శనమునాడు మా కంప్యూటరు గదిలో జరిగిన యొక చిన్న సంగతి నన్నీ నాలుగు మాటలు వ్రాయ బురికొల్పినది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు గ్రంథాలయపు పుస్తకముల పద్దు వ్రాసికొనుటకై యింటివద్ద నొక ప్రోగ్రాము రచించి తెచ్చెను. తల్లిదండ్రుల యెదుట దానిని తెరవగా విండో నడిమిభాగము మాత్రమే కనబడెను. టైటిలుబారు తెర వెలుపలికి పోయెను. అడుగున నుండవలసిన 'భద్రపరచుము' అను మీట టాస్కుబారు వెనుక దాగెను. మౌసుతో పట్టి క్రిందికి లాగుదమన్నను పట్టుకొనుటకు చోటు లేదు. "మా యింట బాగుగనే యుండెనండీ" యని బాలుడు కన్నీరు పెట్టుకొనెను.

వాడు చెప్పినది నిజమే. ఆ యింటి తెర 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల యెత్తు గలది. మా గదిలోని తెరలు 1366 వెడల్పు, 768 ఎత్తు గలవి. విండో వెడల్పు 1000, ఎత్తు 800 అని వాడు నిర్ణయించి, తెర కొలతనుండి విండో కొలత తీసివేసి, శేషమును సగము చేసి నడిమిస్థానము కట్టెను. సూత్రము సరియైనదే. టాస్కుబారునకు 40 పిక్సెళ్లు విడిచినచో ఇంటివద్ద 1040 నుండి 800 పోగా 240, పైయెడము 120. మావద్ద 728 నుండి 800 తీసివేయగా ఋణ 72. అందు సగము ఋణ 36. తెరపై లెక్క యెడమవైపు పైమూలనుండి మొదలై క్రిందికి పెరుగును. (గ్రాఫు కాగితముపై నది పైకి పెరుగును. ఈ భేదమును గణితోపాధ్యాయులమైన మేమే ముందుగా చెప్పవలసియుండెను.) కావున విండో తల తెర యంచునకు 36 పిక్సెళ్లు పైకి పోయినది, అడుగు 764 కడకు, అనగా టాస్కుబారు వెనుకకు, దిగినది.

వాడు స్థానమును లెక్కించెనేగాని పరిమాణమును లెక్కింపలేదు. కోరిన యెత్తు, లభించు నెత్తు అను రెంటిలో చిన్నదానిని గ్రహించి, పిదప స్థానము కట్టినచో పైయెడము సున్నకు తగ్గదు. పట్టని భాగమునకు స్క్రోలుబారు చాలును.

పై కొలతలు చట్రముతో గూడిన వెలుపలి కొలతలు. విండోస్‌లో క్రియేట్‌విండో అను ప్రమేయమున కిచ్చునది యిట్టి కొలతయే. పైథానులోని టికింటరున జామెట్రీ కిచ్చునది లోపలి కొలత. టైటిలుబారు దానికి పైని చేరును. ఏది యేదో యెరుగనివారి లెక్క కొంత తప్పకమానదు. అక్షరములు పెద్దవిగా కనబడుటకై దృష్టి తక్కువవారు తెరను నూటయేబది శాతమునకు పెంచుకొందురు. అప్పుడు 600 ఎత్తుగల విండో 900 పిక్సెళ్లు కోరును. అది మా తెరపై పట్టదు.

విండోను నడుమ నిలుపు ఆజ్ఞలు సిద్ధముగా నుండగా పిల్లలకీ శ్రమ యేల యని మా తోటి యుపాధ్యాయులు కొందరు వాదించుచున్నారు. నేనంగీకరింపను. అట్టి ఆజ్ఞ చెడినప్పుడు కారణము వెదకగలవాడు లెక్క తెలిసినవాడే గదా! అదియుగాక మన విద్యార్థులలో పెక్కుమంది యిండ్ల నున్నవి పాత కంప్యూటర్లు, చిన్న తెరలు. తన తెరనే లోకమనుకొని వ్రాసినవాని ప్రోగ్రాము అట్టి యిండ్లలో మీట నొక్కనీయదు. ప్రక్కప్రక్కన రెండు తెరలుండి కుడివైపుది ప్రధానమైనచో నెడమ తెర స్థానములు ఋణసంఖ్యలు కావచ్చును గనుక, ఋణసంఖ్య ప్రతిచోటను తప్పు కాదనియు పిల్ల లెరుగవలెను.

వచ్చు సంవత్సరమునుండి ప్రతి ప్రోగ్రామును గదిలోని మిక్కిలి చిన్న తెరపై నొకమారు, నూటయేబది శాతమున నొకమారు తెరచి చూచిన పిమ్మటనే మార్కులు వేయవలెనని నా మనవి. ఆ బాలుడు మరునాడే రెండు పంక్తులు చేర్చెను. గ్రంథాలయపు పద్దు నేడా ప్రోగ్రాములోనే నడచుచున్నది.