తలుపు వేసుకొనిన గది



మన బుక్కరాయసముద్రం చుట్టుపట్ల ఇంటికొక కంప్యూటర్ ఉన్నదని చెప్పలేము. అయితే 2020లో కరోనా వచ్చి, బెంగుళూరులో ఉద్యోగము చేయు మన పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకొని ఇండ్లకు తిరిగి వచ్చినప్పటి నుండి, కొన్ని ఇండ్లలో శెనక్కాయల మూటల ప్రక్కన కంప్యూటర్‌కు కూడా చోటు దొరికినది. ఆ ఒక్క పెట్టెలోనే నాన్న పాసుపుస్తకము స్కాను, అమ్మ పొదుపు సంఘము లెక్కలు, కూతురి ఉద్యోగపు దరఖాస్తులు, కొడుకు సినిమాలు అన్నీ ఉంటవి. ఎవరు కూర్చుంటే వారికి అన్నీ కనబడును.

పొదుపు సంఘమునకు లీడరుగా ఉన్న ఒక సహోదరి నన్ను అడిగిన ప్రశ్న ఇది: “అయ్యగారూ, నా లెక్కలకు కంప్యూటర్‌లో తాళం వేసుకుంటే మా ఇంటాయన ఏమనుకుంటాడో! క్రైస్తవ ఇంట్లో ఒకరికొకరు తాళం వేసుకోవడం తప్పు కాదా?” ఆమె ఊరికే అడుగలేదు. ఎవరు ఎన్ని కంతులు కట్టలేదో ఆమె వ్రాసుకొనిన ఫైలును మరిది తెరిచి చూచినాడు. చూచినది టీ అంగడి దగ్గర చెప్పినాడు. వానలు లేక పంట పోయి రెండు కంతులు తప్పిన ఒక తల్లి, ఆ మాట చెవిన పడిన ఆదివారము నుండి ఆరాధనకు రావడము మానుకున్నది. ఆ యువకునిలో దుర్మార్గమేమీ లేదు. తెరిచి ఉన్నది గనుక చూచినాడు, చూచినాడు గనుక చెప్పినాడు. అయినను ఆ తల్లి ముఖము ఎత్తుకొనలేక ఇంటనే కూర్చున్నది.

మన సంఘములలో “క్రైస్తవునికి దాచుకొనునది ఏముంటుంది?” అను మాట తరచుగా వినబడును. వినుటకు భక్తిగా ఉన్నది గాని నాకు అది సరియని తోచదు. ప్రార్థన చేయునప్పుడు గది తలుపు వేసుకొమ్మని ప్రభువే నేర్పించెను (మత్తయి 6:6). సామెతల గ్రంథము 11:13లో నమ్మకమైన మనస్సు గలవానికి గుర్తు, ఇతరుల సంగతి దాచగలుగుటయే. యెహోషువ 7లో ఆకాను కూడా దాచినాడు గదా అందురేమో. అవును, 200 తులముల వెండిని, బంగారు కమ్మిని, పైవస్త్రమును డేరాలో పూడ్చిపెట్టెను. అయితే అతడు దాచినది తనది కాదు; ఎవరిని నష్టపరచెనో వారికి తెలియకుండ దాచెను. ఆ సహోదరి దాచదలచినది మరియొక స్త్రీ పరువు. రెంటికిని తాళము ఒకటే, లోపలి వస్తువు వేరు.

కాబట్టి ఇంటిలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను అడుగునది, ఆ ఫైలులో ఉన్నది ఎవరి సంగతి అని. ఆన్‌లైన్ రమ్మీలో చేసిన అప్పును భార్యకు తెలియకుండ తాళము వేసినయెడల అది ఆకాను డేరాయే. పొదుపు సంఘము లెక్క, ఆస్పత్రి కాగితము, కూతురు తన మనస్సులోనిది వ్రాసుకొనిన పుస్తకము అటువంటివి కావు. సంఘస్థులు నాతో కన్నీటితో చెప్పుకొనిన సంగతులు నేను వ్రాసుకొను ఫైలు నా భార్యకు కూడా తెరవబడదు. ఆమె అడుగదు. అడిగితే నేను కాపరిగా ఉండుటకు తగనని ఇద్దరికీ తెలుసు.

దేశ చట్టము కూడా ఈ విషయమును చిన్నదిగా ఎంచలేదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకముగా, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిరి.

ఇక తాళము సంగతి. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పుట్టినదే ఒక యంత్రమును పదిమంది పంచుకొనుట వలన. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే కంప్యూటర్‌ను అనేకులు వాడుకొను ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వారికుండునట్లు ఒక్కొక్కరికి పాస్‌వర్డ్ ఇచ్చిరి. 1962లోనే ఒక విద్యార్థి, తనకిచ్చిన సమయము చాలక, అందరి పాస్‌వర్డ్‌ల పట్టికను ప్రింటు తీసుకొనెను! మనుష్యుని స్వభావము అప్పుడును ఇప్పుడును అదే.

మనవారు చేయు తాళములలో కొన్ని తాళములే కావు. ఫోల్డర్‌ను “హిడెన్” చేయుట అనగా తాళపుచెవిని చాప క్రింద పెట్టుట. పదవ తరగతి పిల్లవాడు రెండు నిమిషములలో కనిపెట్టును. పాత విండోస్ 95, 98లలోనైతే పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఎస్కేప్ మీట నొక్కి లోపలికి పోవచ్చును. ఇప్పటి విండోస్‌లో ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అకౌంటు పెట్టుకొనుట మంచిది. చెరువు తూము తెరుచుట నీరుగంటి పని అయినట్లు, అడ్మినిస్ట్రేటర్ అకౌంటు ఇంటిలో ఒకరి వద్దనే ఉండవలెను. అయితే ఆ ఒకరు తలచుకొంటే మిగిలినవారి ఫోల్డర్లు తెరువగలరు. డిస్కు మొత్తమును ఎన్‌క్రిప్ట్ చేయనియెడల, దానిని ఊడదీసి మరియొక కంప్యూటర్‌కు తగిలించినవాడు కూడా చదువగలడు.

నిజమైన తాళము ఫైలుకే వేయవలెను. ఎన్‌క్రిప్షన్ అనగా అక్షరములన్నిటిని కలగాపులగము చేసి, పాస్‌వర్డ్ ఇచ్చినవానికి మాత్రమే తిరిగి వరుసలో పెట్టుట. వర్డ్‌లోను ఎక్సెల్‌లోను “ఫైల్” అను చోట “ఇన్ఫో”లోనికి వెళ్లి “ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్” ఎంచుకొనవలెను. ఎక్సెల్‌లోనే “ప్రొటెక్ట్ షీట్” అని మరియొకటి ఉన్నది. అది అంకెలు మార్చకుండ ఆపునే గాని చదువకుండ ఆపదు. లెక్కలు వ్రాయు సహోదరీలు ఇది గమనించవలెను. ఉచితముగా దొరకు లిబ్రే ఆఫీసులో సేవ్ చేయునప్పుడు “సేవ్ విత్ పాస్‌వర్డ్” అను గడిలో టిక్కు పెట్టిన చాలును. ఫోటోలు, స్కాన్లు అనేకముగా ఉన్నయెడల సెవెన్ జిప్ అను ఉచిత ప్రోగ్రాముతో ఒకే మూటగా కట్టి పాస్‌వర్డ్ వేయవచ్చును. మూట కట్టిన తరువాత విడి ఫైళ్లను తీసివేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. పెన్‌డ్రైవ్‌లోను వాట్సాప్‌లోను అదే ఫైలు తాళము లేక తిరుగుచున్నదేమో చూడండి.

పాస్‌వర్డ్‌గా బిడ్డ పేరు, పుట్టిన తేదీ వద్దు. మన విశ్వాసులలో చాలామంది “హల్లెలూయ” అని పెట్టుదురు; మరిది మొదట అదే కొట్టి చూచును. ఒకదానితో ఒకటి సంబంధము లేని నాలుగు మాటలు కలిపి పెట్టండి. ఉదాహరణకు చింతచెట్టు, రైలు, అల్లము, గొడుగు వంటివి. నేను వ్రాసినవే పెట్టవద్దు సుమా.

ఒక భయము మిగిలియున్నది. ఇటువంటి పాస్‌వర్డ్ మరచినయెడల కంపెనీవారు కూడా ఫైలును తెరిచి ఇవ్వలేరు. ఇంటి పెద్ద హఠాత్తుగా ప్రభువునందు నిద్రించినప్పుడు ఇన్సూరెన్సు కాగితములు, పంట రుణము లెక్కలు ఆ తాళములోనే ఉండిపోయినచో విధవరాలు ఎవరి గడప ఎక్కవలెను? యిర్మీయా 32వ అధ్యాయము చదవండి. అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొన్న ప్రవక్తకు రెండు క్రయపత్రములు ఉండెను. ఒకటి ముద్ర వేసినది, ఒకటి ముద్ర లేనిది. బహు దినములు నిలుచునట్లు రెంటిని మట్టికుండలో పెట్టుమని బారూకునకు ఆజ్ఞాపించెను. ముద్ర వేయుటయు, ఆ పత్రము ఎక్కడ ఉన్నదో ఒకనికి తెలిసియుండుటయు కలిసియే యున్నవి.

మన ఇండ్లలో ట్రంకుపెట్టె ఉన్నది గదా. పాస్‌వర్డ్‌ను కాగితము మీద వ్రాసి, కవరులో అంటించి, అంటించిన చోట సంతకము చేసి, భూమి పత్రముల క్రింద పెట్టండి. కవరు ఉన్నదని భార్యకో భర్తకో చెప్పండి. సంఘము లెక్కలైతే ఆ కవరు ఇంటిలో ఉండకూడదు. రెండవ లీడరు వద్ద ఉండవలెను. కవరు చినిగియున్నచో ఎవరో తెరిచినారని తెలియును. పాస్‌వర్డ్ మార్చిన దినముననే కవరును కూడా మార్చి, పైన తేదీ వేయండి.