మన ఊరి లెక్క మనమే అడుగుదాం

గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఒక ఒడ్డున కాళేశ్వరం, మరో ఒడ్డున సిరోంచ. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. జిల్లా కేంద్రం గడ్చిరోలికి వెళ్లాలంటే దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అర్ధరాత్రి పసిగుడ్డు పాలు తాగడం మానేస్తే ఆ దూరమెంతో తల్లికే తెలుసు.

ఆ దూరాన్ని లెక్కగట్టి, తగ్గించే దారి చూపిన డాక్టర్ మన జిల్లాలోనే ఉన్నారు. ఆయనే అభయ్ బంగ్. సేవాగ్రామ్ వాతావరణంలో పెరిగి, నాగ్‌పూర్‌లో వైద్యం చదివారు. భార్య రాణీ బంగ్ కూడా డాక్టరే. 1984లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకున్నాక ఇద్దరూ అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. 1986లో గడ్చిరోలికొచ్చి 'సెర్చ్' సంస్థ పెట్టారు.

వాళ్లు ముందు జనాన్ని అడిగారు. ఆసుపత్రంటే భయమని, రోగి దగ్గర అయినవాళ్లను ఉండనివ్వరని ఆదివాసులు చెప్పారు. దాంతో శోధ్‌గ్రామ్‌లో గుడిసెల మాదిరి ఆసుపత్రి కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు.

తర్వాత లెక్కలు తీశారు. రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయి. అంతకుముందు ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయ్యేదాకా పల్లెటూరి ఆడవాళ్ల బాధ ఎవరి లెక్కల్లోనూ లేదు.

అసలు మలుపు పసిపిల్లల విషయంలో వచ్చింది. 39 ఊళ్లలో స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందకపోతే ఏం చేయాలో, ఇన్‌ఫెక్షన్ వస్తే ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో నేర్పారు. 'పల్లెటూరి ఆడవాళ్లు సూదులేస్తారా?' అని అనుమానించినవాళ్లకు అంకెలే జవాబు చెప్పాయి. పోల్చి చూసిన ఊళ్లకంటే ఇక్కడ నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. 2011లో కేంద్రం ఈ పద్ధతినే ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా పెట్టింది. ఆసుపత్రిలో పురుడైతే 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు ఆశా వచ్చి బిడ్డను చూడాలి.

2018లో దంపతులిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ అదే ఏడాది బంగ్ అధ్యక్షతన నిపుణుల కమిటీ ఇచ్చిన గిరిజన ఆరోగ్య నివేదిక గురించి ఎంతమంది మాట్లాడుకున్నాం? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు మరణాలు గిరిజనుల్లో వెయ్యికి 57. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని వర్గాల్లో 39. ఈ తేడా తలరాత కాదు. కూలి, తిండి, దారి, భాష... అన్నీ కలిసి చేసిన తేడా.

సన్మానాలు చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. బంగ్ నేర్పిన పాఠం ఒకటే. లెక్క లేనిచోట బాధ్యత ఉండదు. మరి మన ఊళ్లో గత ఏడాది ఎందరు పుట్టారు, అందులో ఎందరు పోయారు? సర్పంచిని అడగండి, ఎంతమంది చెప్పగలరో చూద్దాం.

కాబట్టి ఏడాదికి రెండుసార్లు గ్రామసభలో జనన మరణాల లెక్క చదవాలి. అదీ మనకు అర్థమయ్యే భాషలో. తెలుగువాళ్లకు తెలుగులో, మాడియా గోండులకు వాళ్ల మాటలో. ఆశా ఆరుసార్లూ వచ్చిందా, సంచిలో థర్మామీటరు, తూనిక ఉన్నాయా అన్నది బాలింతనే అడగాలి. ఆశాను నిందించే ముందు ఆమె గురించీ ఆలోచించాలి. పథకం పెట్టినప్పుడు ఇన్ని రాకపోకలకూ కలిపి ఇస్తామన్నది 250 రూపాయలు. ఆ కాస్త డబ్బూ ఆలస్యం చేస్తే ఆమె ఏ ముఖం పెట్టుకుని వాగు దాటుతుంది?

రాయగడ, కోరాపుట్‌ల్లోని మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సరిహద్దులో ఉన్నామని, ఎవరి లెక్కలోనూ పడమని మనం నిట్టూరుస్తుంటాం. ముందు మన పిల్లల్ని మనం లెక్కపెడదాం. ఆ కాగితం పట్టుకుని వెళ్తే అధికారి ఏ భాషవాడైనా జవాబు చెప్పక తప్పదు.