పట్టికల చదువు

జంగారెడ్డిగూడెము వేలము కేంద్రమునకు పొగాకు బేళ్లు తోలుకొనివచ్చిన రైతు చేతికందిన సొమ్ములో కూలికిని, బ్యారను కట్టెలకును చేసిన అప్పు తీర్చి, మిగిలినదానిని కుమారుని ఆంగ్లపరీక్షకై మూటగట్టుచున్నాడు. ఆస్ట్రేలియాకో, కెనడాకో చదువునకు పోగోరువాడు ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలో తగిన బ్యాండు తెచ్చుకొనవలయును. దాని రుసుము పదిహేను వేల రూపాయలకు మించినది. ఫలితమునకు ఆయువు రెండేండ్లు. తప్పినవాడు మఱల రుసుము చెల్లింపవలసినదే. ఇంత సొమ్ము పణముగా నొడ్డిన కార్యమునకు మన యువకులు చేయుచున్న సన్నాహమేమి? పదముల పట్టికలు వల్లించుట! ఎడమ ప్రక్క ఆంగ్లపదము, కుడి ప్రక్క అర్థము. ఉదయము ఒక నూఱు, సాయంకాలము ఒక నూఱు. ఈ పట్టికలనమ్మి బ్రతుకు శిక్షణాలయములు ఏలూరు, తాడేపల్లిగూడెముల మొదలు చిన్న పట్టణముల వఱకు వ్యాపించినవి. ఇది విద్య కాదని మేము నిర్భయముగా చెప్పుచున్నాము.

మేము ఆంగ్లమునకు శత్రువులము కాము. పరదేశమున చదువగోరువాడు ఆ దేశభాష నేర్వవలసినదే. మా ఆక్షేపణ నేర్చు విధమును గూర్చినది.

పరీక్ష ఏమి కోరుచున్నదో మొదట విచారింతము. వ్రాతపరీక్షలో మార్కులు నాలుగు గుణములకు సమముగా పంచబడుచున్నవి: అడిగినదానికి తగిన సమాధానము, భావముల పొందిక, పదసంపద, వ్యాకరణము. అనగా పదసంపదకు దక్కునది నాలుగవ పాలు మాత్రమే. ఆ పాలైనను అపూర్వపదములను గుప్పించినవానికి రాదు. తగుచోట తగు మాట పెట్టినవానికే వచ్చును. తెలుగున వాన కురియును, గాలి వీచును. గాలి కురిసెనన్నవానిని చూచి పసిపిల్లలు నవ్వుదురు. అట్లే ఆంగ్లమున వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. ఆ రెండు మాటల అర్థమును పట్టికలో చదివినవాడు వానికి ‘స్ట్రాంగ్’ తగిలించి పరీక్షకుని యెదుట నవ్వులపాలగును. ఏ మాట ఏ మాటతో కాపురము చేయునో పట్టిక చెప్పదు, వాక్యమే చెప్పును.

‘మన పెద్దలు అమరకోశము వల్లింపలేదా?’ యని కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. వల్లించిరి. కాని అమరము వల్లించిన బాలుని గురువు అంతటితో విడిచిపెట్టలేదు, రఘువంశమునకు తీసికొనిపోయెను. కంఠస్థమైన మాట కావ్యమున మఱల మఱల ఎదురుపడి, వానిదై నిలిచెను. నేటి శిక్షణాలయము అమరమును పట్టుకొని రఘువంశమును పారవైచినది. పూర్వులపై నెపము పెట్టుట న్యాయము కాదు.

ఇంగ్లీషువారి అనుభవమైనను మనకు సాక్ష్యమే. ఢాకా నగరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్టు బంగాళ బాలుర చదువును పరిశీలించి, క్రొత్త పదములు కొద్దికొద్దిగా వచ్చి మఱల మఱల కనబడునట్లు పాఠ్యపుస్తకములు కూర్చెను. ఆయన 1953లో ప్రకటించిన పట్టికలోని పదములు రమారమి 2,000. సామాన్యమైన ఆంగ్లరచనలో నూటికి సుమారు 80 మాటలు వానిలోనివే. 2000లో అవెరిల్ కాక్స్‌హెడ్ అను విదుషి విద్యాగ్రంథములలో తఱచుగా వచ్చు 570 పదకుటుంబములను వేఱుగా ఏర్చి చూపినది. కావున విద్యార్థికి ముందు వలసినది తఱచుగా వచ్చు మాటలపై గట్టి పట్టు. మన బేరగాండ్రో, ఆ పునాది వేయకయే, ఏడాదికొకసారియైన ఎదురుపడని మాటలను ‘ఉన్నత పదజాల’మని అంటగట్టుచున్నారు!

ఇంతకన్న పెద్ద కీడు వేఱొకటి కలదు. పొగాకు రైతు బిడ్డయగు ఒక యువకుని, బ్యారనులో ఆకు పచ్చదనము విడిచి పసుపు రంగునకు వచ్చు విధమును ఆంగ్లమున చెప్పుమని మేమడిగితిమి. తెల్లబోయెను. పోనిమ్ము, తెలుగున చెప్పుమంటిమి. రెండు మాటలు చెప్పి ఆగిపోయెను. చిన్ననాటనే హాస్టలున చేర్చిన తండ్రి, చదువు చెడునని, వానిని ఆ బ్యారను వైపునకే రానీయలేదట! మాటాడు పరీక్ష పదునొకటి మొదలు పదునాలుగు నిమిషముల సేపు జరుగును. అందు ఒక విషయమిచ్చి, ఒక్క నిమిషము ఆలోచించుకొని, ఒకటి రెండు నిమిషములు మాటాడుమందురు. ఊరి సంగతి, ఇంటి పని తెలియనివాడు ఏ భాషలో ఏమి మాటాడును?

వ్రాతపరీక్షలో పర్యావరణమును గూర్చి వ్యాసమడిగిరనుకొందము. కొల్లేరు మన పెరటిలోనే యున్నది. అది 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో అక్కడి చేపల చెఱువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఆటపాక గూడబాతుల పక్షమొకటి, చెఱువులపై బ్రతుకు కుటుంబముల పక్షమొకటి. ఇరుపక్షముల వాదమును తూచి 250 మాటలు వ్రాయుటకు ఇంతకు మించిన విషయమేది? అయినను మన విద్యార్థి ఎవరో అచ్చువేసిన వ్యాసమును కంఠస్థము చేయుచున్నాడు. అట్టి వల్లెలను పట్టుకొనుటకే పరీక్షకులకు శిక్షణ ఇత్తురని అతనికి చెప్పువారు లేరు.

కడపలో కొలువు చేసిన బ్రౌను దొర తెలుగును పట్టికలతో సాధింపలేదు. వేమన పద్యములు చదివెను, పండితులను కూర్చుకొనెను, వ్రాతప్రతులు సేకరించెను. ఆ పిమ్మటనే 1852లో నిఘంటువును వెలువరించెను. మన భాషను అతడు నేర్చిన దారిలోనే అతని భాషను మనము నేర్వరాదా?

తండ్రులారా! శిక్షణాలయమునకు సొమ్ము కట్టుటకు ముందు పిల్లవానిని గ్రంథాలయమునకు పంపుడు. దినమునకొక పుట ఆంగ్లపత్రిక చదువనిండు. క్రొత్త మాటను అది యున్న వాక్యముతో సహా వ్రాసికొననిండు. ఆ మాటతో తన ఊరిని గూర్చి తానొక వాక్యము కూర్పనిండు. వారము గడచిన పిమ్మట దానిని మఱల చూడనిండు. సెలవులలో బ్యారనుకును, చెఱువు గట్టునకును వెంటబెట్టుకొని పోయి, అక్కడి పనిని తెలుగున విప్పి చెప్పుడు. చెప్పవలసినది కలవానికి మాట దొరకును. మీ చెమటతో పండిన సొమ్ము పట్టికలపాలు కానీయకుడు.