పలక చదువును పొలము చదువును



మన పిల్లల చదువునుగూర్చి నేడు రెండు పక్షములు గలవు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసి చెప్పగా పిల్లలు విని, వల్లెవేసి, పరీక్షలో వ్రాయుటయే చదువని యొక పక్షము. విజ్ఞానశాస్త్రము, సాంకేతికవిద్య, యంత్రనిర్మాణము, గణితము అను నాలుగింటిని విడదీయక, చేతితో చేయించుచు నేర్పుటయే చదువని రెండవ పక్షము. ఈ రెండవ పద్ధతికి ‘స్టెమ్’ అని పేరు. అమెరికాలో 2001 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన యీ పేరు ఇప్పుడు మన పట్టణ పాఠశాలల ప్రకటనలలో తరచుగా కనబడుచున్నది. ఇది పట్టణమువారి వివాదమని మన ముపేక్షింపరాదు. దీని లాభనష్టములు మన ఎరువు బస్తాలకును, మన అప్పులకును సంబంధించినవి.

ఈ వ్యాసము వ్రాయబడుచున్న మల్కాపురము విశాఖ రేవునకు చేరువ నున్నది. 1933లో రేవు తెరవబడెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారమును, 1967లో ఎరువుల కర్మాగారమును ఈ చుట్టుపట్లనే వెలసినవి. ఒకప్పటి పల్లె యంత్రముల నడుమ పడినది. 28-28-0 అని అచ్చువేసిన కాంప్లెక్సు ఎరువు బస్తా మన రైతులకు చిరపరిచితమే. ఆ అంకెల యర్థమేమని ప్రదర్శనక్షేత్రమునకు వచ్చు ఉన్నతపాఠశాల విద్యార్థుల నడిగినచో పలువురు మిన్నకుందురు. శాతముల లెక్క వారికి రాదా? వచ్చును. సూత్రమును తడుముకొనక ఒప్పజెప్పుదురు. ఆ సూత్రమే బస్తాపై నున్నదని మాత్రము వారికెవ్వరును చూపలేదు.

లెక్క చూడుడు. 50 కిలోల ఆ బస్తాలో నూటికి 28 వంతున నత్రజని 14 కిలోలు, భాస్వరము 14 కిలోలు ఉండును. మీ వరిచేనికి ఎకరమునకు 32 కిలోల నత్రజని కావలెననుకొందము. ఒక బస్తా వేసిన పిదప ఇంక కావలసినది 18 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు గావున 39 కిలోల యూరియా చాలును. 45 కిలోల బస్తా ఒకటి పూర్తిగా నక్కరలేదు. పొరుగువాడు వేసెనని రెండు బస్తాల యూరియా చల్లినవాని చేనికి మొత్తము 55 కిలోలకు పైగా నత్రజని చేరును. పైరు ముదురుపచ్చగా, ఏపుగా పెరిగి చూడ ముచ్చటగా నుండును. పిమ్మట సుడిదోమకును అగ్గితెగులునకును అట్టి పైరే మొదట లోనగును. ఎరువు డబ్బు పోయి, మందు డబ్బు పోయి, తుదకు గింజయు పోవును. బడిలో వచ్చిన లెక్క పొలములోనికి రానందున కలిగిన నష్టమిది.

అంతమాత్రమున పాత చదువును పారవేయుడని నేననను. నేను మిషను పాఠశాలలో చదివినవాడను. ప్రతి ఉదయము నిలువబడి ఎక్కములు ఒప్పజెప్పుట అచ్చటి నియమము. గట్టుమీద కాగితము లేకుండ లెక్క కట్టుటకు నేటికిని నాకవియే ఆధారము. ఎక్కము రానివాడు పొలములో నిలిచినను లెక్క చేయలేడు. మరియు కొత్త చదువను పేర జరుగుచున్నదంతయు కొత్తది గాదు. పెట్టెలో వచ్చిన ముక్కలను బొమ్మనుబట్టి బిగించి, దీపము వెలిగించి, చూడవచ్చినవారికి చూపి, పెట్టెకు తాళము వేసినచో అదియు వల్లెవేయుటయే. నోటికి మారుగా చేతితో వల్లెవేయుట. తెలియని సంగతి యెదుటబడినప్పుడు కొలిచి, పోల్చి, నిర్ణయించుకొను శక్తి పిల్లవానికి కలిగెనా లేదా యనునదే చదువునకు గురుతు.

ఆ శక్తిని పెంచు మార్గము రైతులకు తెలియనిది గాదు. 1903లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున సీమన్ నాప్ అను నాతడు ఒక రైతు పొలములో, ఆ రైతుచేతనే మేలైన సేద్యము చేయించి చూపెను. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ఆధారముగా పాఠములన్నియు నేర్పవలెనని బోధించెను. 1989లో ఇండోనీసియాలో వరి పురుగుల బాధను రైతులే గ్రహించి నివారించుకొనుటకై క్షేత్రపాఠశాలలు మొదలైనవి. మన రాష్ట్రమున అట్టిదానికే పొలంబడి యని పేరు. పాతికమంది రైతులు వారమున కొకసారి చేనిలో దిగి, దుబ్బు దుబ్బునకు హానిచేయు పురుగులెన్ని, మేలుచేయు సాలీళ్లెన్ని యని లెక్కించి, పెద్ద కాగితముపై బొమ్మ గీసి, మందు కొట్టవలెనా వలదా యని తర్కించి నిశ్చయింతురు. ఇందు జీవశాస్త్రమున్నది, గణితమున్నది. ఖరీదైన పెట్టె మాత్రము లేదు. తండ్రికి పనికివచ్చిన బడి బిడ్డలకేల పనికిరాదు?

“మా పిల్లలు మరల నాగలి పట్టుటకా చదివించుచున్నాము?” అని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని కొలిచి చూచు అలవాటు నాగలికి మాత్రమే కాదు, ఓడలు కట్టుచోటను, చమురు శుద్ధిచేయు చోటను అదియే కావలెను. కాలము చాలదందురా? 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8వ తరగతి వరకు పుస్తకముల సంచి లేని 10 దినములను సూచించినది. ధనము చాలదందురా? 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకమున ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయము నిర్ణయింపబడెను. అది ప్రతి పల్లెబడికి వచ్చునని ఎదురుచూడ నక్కరలేదు. మన సంఘమునకు కాటా యున్నది, గిడ్డంగి యున్నది, విత్తనములున్నవి.

కావున మన సంఘములు మూడు పనులు పూనవలెనని నా మనవి. మొదటిది, విత్తనములు పంచుటకు ముందు బడిపిల్లలచేత నూరేసి వరిగింజలను తడిగుడ్డలో కట్టించి మొలకలు లెక్కపెట్టించుట. ధ్రువీకృత విత్తనమునకు నూటికి 80 మొలవవలెను. రెండవది, ఒక వర్షమాపకము కొని, దినదినము వారిచేత చూపించుట. 10 మిల్లీమీటర్ల వాన ఎకరముపై సుమారు 40 వేల లీటర్ల నీరని వారే లెక్కగట్టి తెలిసికొందురు. మూడవది, భూసార పరీక్షాపత్రమునుండి ఎరువు లెక్క కట్టించుట. ఈ లెక్కలను సంఘపు వాకిట బల్లపై పిల్లలే వ్రాయవలెను; ఉపాధ్యాయుడు సరిచూడవలెను.

రాబోవు సర్వసభ్యసమావేశమున దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టుడు. ఉదయము బడిలో ఎక్కములు యథాప్రకారము సాగనిండు. మధ్యాహ్నము అవి కాటా యొద్దకును, చేని గట్టునకును రానిండు. పిల్లలు వ్రాసిన మొలకల లెక్కను చదివి, పిమ్మట విత్తనమునకు డబ్బు చెల్లించు దినము మన సంఘమునకు త్వరలో రావలెను.