తెల్లవారుజామున చెరువుకు ఊపిరాడదు

ఏలూరు నుండి కైకలూరు వైపు సాగే దారిలో చేపల చెరువులు పగటిపూట నిండుగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. ముసురు పట్టి మూడు నాలుగు రోజులు గడిచాక, ఫజ్ర్ అజాన్‌కు కాస్త ముందు, అవే చెరువుల్లో బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. “చేపలు తేలుతున్నాయి” అన్న కబురు వినగానే రైతు గుండె జారిపోతుంది. ఒక్క రాత్రిలో ఏడాది పెట్టుబడి తుడిచిపెట్టుకుపోవచ్చు. దీనిని కొందరు తెగులంటారు, కొందరు దిష్టి అంటారు. అయితే చాలాసార్లు ఇది గాలికీ నీటికీ ఎండకూ నడుమ తప్పిన లెక్క మాత్రమే.

మనల్ని ఆవరించిన పొడి గాలిలో 100 పాళ్లకు 78 పాళ్లు నత్రజని, దాదాపు 21 పాళ్లు ఆక్సిజన్. మిగిలిన ఒక్క పాలులో అధిక భాగం ఆర్గాన్. కార్బన్ డయాక్సైడ్ వాటా 0.04 పాళ్లకు కాస్త పైన. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే 30 డిగ్రీల వేడి గల ఒక లీటరు మంచినీరు గాలి నుండి కరిగించుకోగలిగేది దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములే. మనకు పుష్కలంగా దొరికేది చేపకు ఎంతో పొదుపుగా దొరుకుతుందన్నమాట.

పైగా నీరు వేడెక్కిన కొద్దీ వాయువులను వదిలివేస్తుంది. పొయ్యి మీద నీళ్లు పెట్టినప్పుడు, మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. అవి ఆవిరి బుడగలు కావు, నీటిలో కరిగి ఉన్న గాలి బయటపడుతున్న గుర్తులు. పిల్లలకు వంటింట్లోనే ఈ పాఠం చూపించవచ్చు.

చెరువుకు ఆక్సిజన్ రెండు దారుల్లో అందుతుంది. ఒకటి, గాలి వీచి అలలు రేగినప్పుడు పైనుండి కరిగేది. రెండవది, నీటికి పచ్చరంగునిచ్చే సూక్ష్మమైన నాచు మొక్కలు ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ విడుదల చేసేది. అయితే పొద్దు గుంకగానే ఆ నాచు ఇవ్వడం మాని, తానూ చేపలతో పాటు శ్వాసిస్తూ ఆక్సిజన్‌ను వాడుకోవడం మొదలుపెడుతుంది. అడుగున మిగిలిన మేత, పెంట కుళ్లుతూ మరికొంత లాక్కుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు ఘడియల్లో నిల్వ అట్టడుగుకు చేరుతుంది. ముసురు రోజుల్లో పగలు జమ తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. గాలి కూడా స్తంభిస్తే రెండు దారులూ మూసుకున్నట్లే. ఎండ కాచిన చెరువుపై ఒక్కసారిగా చల్లని జడివాన కురిస్తే, పై నీరు బరువెక్కి కిందికి దిగి, ఆక్సిజన్ లేని అడుగు నీరు పైకి రావడమూ కద్దు.

కాబట్టి అల్పపీడనం ఏర్పడిందన్న వార్తను వానకబురుగానే కాక చెరువుకు హెచ్చరికగా కూడా వినాలి. ముసురు రోజుల్లో మేత తగ్గించాలి, అవసరమైతే ఆపాలి. ఎరువు వేయరాదు. ఏరియేటర్లను చేపలు తేలిన తరువాత కాక, అర్ధరాత్రి దాటినప్పటి నుండే తిప్పాలి. కరెంటు పోతే జనరేటరుకు డీజిల్ ఉన్నదో లేదో పగలే చూసుకోవాలి. లీటరు నీటిలో ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే మేలు. అది 3కు దిగితే చేపకు ఇబ్బంది మొదలైనట్లే.

ఇంతవరకూ చెప్పుకున్నది వాతావరణం, అంటే ఈ పూట, ఈ వారం సంగతి. శీతోష్ణస్థితి వేరు. సాధారణంగా 30 ఏళ్ల సగటును బట్టి దానిని లెక్కిస్తారు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో 10 లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. భూమి నుండి వెలువడే వేడిని అది పట్టి ఉంచుతుంది. గాలి వేడెక్కితే చెరువు నీరూ వేడెక్కుతుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఆ నీటిలో చేపకు కావలసిన ఆక్సిజన్ ఎక్కువ. తాడేపల్లిగూడెంలోనైనా, ఆకివీడులోనైనా రానున్న రోజుల్లో రైతు ఎదుర్కోవలసిన చిక్కు ఇదే.

కొల్లేరు స్వభావం వేరు. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు తెచ్చే నీటిని అందుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే పారే సరస్సు అది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు. గట్లు కట్టి, కిక్కిరిసేలా పిల్లను వదిలిన కొద్దీ నీటికి తనంతట తాను ఊపిరి పీల్చుకునే అవకాశం తగ్గుతుంది. ఆ లోటును యంత్రంతో, డీజిలుతో పూడ్చుకోవాలి. ఎకరానికి ఎన్ని వేల పిల్లను వదలాలో లెక్క వేసుకునేటప్పుడు లాభంతో పాటు ఆ నీటిలో ఉన్న ఊపిరిని కూడా లెక్కలోకి తీసుకోవడం వివేకం.