కువైట్‌లో ధరలు పెరిగితే మన చేతిలో ఉన్నదేంటి?

2011 జనవరిలో అప్పటి కువైట్ అమీర్ షేక్ సబా అల్ అహ్మద్ అల్ సబా ప్రతి పౌరుడికీ 1,000 దినార్లు, దాంతోపాటు 14 నెలల ఉచిత రేషన్ ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లు, ఇరాక్ చెర నుంచి బయటపడి 20 ఏళ్లు నిండుతున్న సందర్భం అది. ప్రపంచమంతా తిండి ధరలు మండిపోతున్న రోజులు కూడా అవే. హసావీలో, ఫర్వానియాలో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని వండుకు తినే మనవాళ్లకు మాత్రం అది పేపర్లో చదివిన వార్తే.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. రేషన్ ఎక్కడైనా ఆ దేశ పౌరులకే. మన రాష్ట్రాల్లోనూ కార్డులో పేరు ఉండాలి, ఈ-కేవైసీకి వేలిముద్ర పడాలి. ఆ వేలు కువైట్‌లో ఉంటే పడదు. అక్కడా ఇక్కడా రేషన్ లేని మనిషి ధరలు పెరిగినప్పుడు దేన్ని పట్టుకుని నిలబడాలన్నదే అసలు ప్రశ్న.

కువైట్ తినేదాంట్లో అధిక భాగం దిగుమతే. అందుకే ఇక్కడి ప్రభుత్వం ధరలను రెండు వైపుల నుంచి కట్టడి చేస్తుంది. మొదటిది రేషన్. బియ్యం, పంచదార, నూనె, పాలపొడి, పప్పు లాంటివి పౌరులకు సబ్సిడీ మీద వస్తాయి. (చవగ్గా వస్తోందని ఎవరో అమ్మే రేషన్ నూనె, పాలపొడి కొని చిక్కుల్లో పడిన విదేశీయులున్నారు. ఆ బేరం జోలికి పోకండి.) రెండోది కొట్టు అర మీద ధర. మనకు పనికొచ్చేది ఇదే.

ఆ రెండో కట్టడికి వెన్నెముక జమియా. 1962లో కైఫాన్‌లో మొదలైన సహకార సంఘాలు ఇప్పుడు దాదాపు ప్రతి పేటలోనూ ఉన్నాయి. సభ్యత్వం, లాభంలో వాటా పౌరులవి. కౌంటర్ దగ్గర మాత్రం కువైటీ అయినా, కడప డ్రైవర్ అయినా బిల్లు ఒక్కటే. సరఫరాదారు రేటు పెంచాలంటే సహకార సంఘాల యూనియన్ ఒప్పుకోవాలి. సరుకుల ధరలను అదుపు చేసే అధికారం వాణిజ్య శాఖకు 1979 నాటి 10వ చట్టం ఇచ్చింది. ఆ చట్టం కొనేవాడి పాస్‌పోర్టు అడగదు. కరోనా రోజులు గుర్తున్నవాళ్లకు ఇది బాగా తెలుసు. 2020 మేలో పూర్తి కర్ఫ్యూ పెట్టినప్పుడు సివిల్ ఐడీ నంబరుతో అపాయింట్‌మెంట్ తీసుకుని జమియాకు వెళ్లాం. అంతకు ముందే, ఏప్రిల్‌లో, జిలీబ్, మహబూలాలను దిగ్బంధించారు. అక్కడ చిక్కుకున్నవాళ్ల కష్టం వేరే కథ.

కుబూస్ సంగతీ ఇంతే. 1961లో పెట్టిన కువైట్ ఫ్లోర్ మిల్స్‌కు ప్రభుత్వ సబ్సిడీ ఉండబట్టి రొట్టె అందరికీ కొద్ది ఫిల్సులకే వస్తోంది. నెలాఖరులో జేబు ఖాళీ అయినప్పుడు కుబూస్, పెరుగు, పచ్చడితో రోజు గడిపినవాళ్లు ఈ కాలమ్ చదివేవారిలో చాలామందే ఉంటారు.

అయితే ఈ గొడుగు కింద ఇమడనివి మన సరుకులు. సోనా మసూరి, చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు మనం కొనేది ఎక్కువగా వీధి చివరి బకాలాలో, ఇండియన్ స్టోర్లో. వీటి ధర తేలేది కువైట్ వాణిజ్య శాఖలో కాదు, ఢిల్లీలో.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. దేశంలో సామాన్యుడికి బియ్యం ధర పెరగకూడదన్నది ఉద్దేశం. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి సంచుల కోసం స్టోర్ల ముందు బారులు తీరిన వీడియోలు అందరం చూశాం. బాస్మతికి నిషేధం లేదు, కనీస ఎగుమతి ధర మాత్రం పెట్టారు. మలయాళీలు తినే ఉప్పుడు బియ్యానికి ఆగస్టు చివర్లో 20 శాతం సుంకం పడింది. పూర్తిగా ఆగింది మనం తినే రకమే. కువైటీ వంటింట్లో మచ్‌బూస్‌కు కావాల్సింది బాస్మతి కాబట్టి ఇక్కడ పెద్ద అలజడి కాలేదు. 2024 సెప్టెంబర్ 28న నిషేధం ఎత్తేసేదాకా పద్నాలుగు నెలలు మన గదుల్లో అన్నం లెక్క వేరు. మధ్యలో, 2023 డిసెంబర్ నుంచి 2024 మే దాకా, ఉల్లి ఎగుమతీ ఆగింది.

రాజంపేటలో అమ్మకు బియ్యం ధర పెరగకూడదని తీసుకున్న నిర్ణయానికి మంగఫ్‌లో కొడుకు ఎక్కువ కట్టాడు. నిర్ణయం తప్పని నేననను. మన దేశంలో అన్నం తినే కోట్ల కుటుంబాల ముందు గల్ఫ్ గదులు చిన్నవే. కానీ విదేశీ మారకం లెక్కల్లో గుర్తొచ్చే మనం బియ్యం లెక్కల్లో ఎవరికీ గుర్తు రాలేదు. యూఏఈకి ఆ సెప్టెంబర్‌లో ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో 75,000 టన్నులు కేటాయించారు. అలాంటిది ముందే అడిగి పెట్టుకోవడం మన సంఘాలు ఎంబసీ దగ్గర ఎత్తాల్సిన విషయం. సాంస్కృతిక కార్యక్రమాలకు అతిథులను పిలిచినప్పుడు వేదిక మీద ఈ మాట కూడా వస్తే బాగుంటుంది.

ధర ఎవరి నెత్తిన పడుతుందన్నది వీసాను బట్టి కూడా ఉంటుంది. 20 నంబర్ వీసా మీద ఇంటి పనికి వచ్చినవారికి తిండి పెట్టే బాధ్యత 2015 నాటి 68వ చట్టం ప్రకారం యజమానిదే. కందిపప్పు పెరిగినా ఆమె జీతం తగ్గదు. పళ్లెంలో ఏం పడుతుందన్నది మాత్రం ఆ ఇంటిని బట్టి ఉంటుంది. 18 నంబర్ మీద కంపెనీకి వచ్చినవారి పరిస్థితి వేరు. చాలా కాంట్రాక్టుల్లో భోజనం బదులు ఇంత అని ఒక అంకె రాసేస్తారు. ధరలు ఎంత మారినా కాంట్రాక్టు మార్చేదాకా ఆ అంకె కదలదు. జీతం కోసం బేరమాడే మనవాళ్లు ఈ గడిని చదవకుండానే సంతకం పెడతారు. ఏజెంటు కూడా చెప్పడు.

బకాలాలో అర మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర కనిపిస్తే బిల్లు దాచి వాణిజ్య శాఖ నంబరు 135కు ఫోన్ చేయవచ్చు. అక్కడా నివాసి, పౌరుడు అనే తేడా లేదు. అరబిక్ రాకపోతే గదిలో వచ్చినవాడి చేత మాట్లాడించండి. నూనె, పంచదార, పాలు, కోడి, గుడ్లు జమియాలో కొని, మన సరుకులకు మాత్రం బకాలాకు వెళ్లే ఇళ్లు ఇప్పటికే ఉన్నాయి. బకాలా అన్న ఖాతా పెడతాడు, జమియాలో రొక్కం కావాలి. నెలాఖరులో మనవాళ్లను జమియా గుమ్మం దాకా రానివ్వనిది ఆ ఖాతా పుస్తకమే.